ఉదజని శబ్దమును నీటిని విడదీయు లోహగుచ్ఛములును

పుదుచ్చేరి పట్టణమున రాజనివాసమున కెదురుగా, భారతి ఉద్యానవనమునందు తెల్లని మండప మొకటి కలదు. దానిని ఆయి మండప మందురు. ఫ్రెంచివారి యేలుబడిలో, మూడవ నెపోలియను కాలమున, పట్టణమునకు మంచినీరు వచ్చినందులకు గుఱుతుగా దానిని కట్టించిరి. ఆ నీటికి మూలమైన చెఱువును గూర్చి యొక ఐతిహ్యము వాడుకలో నున్నది. శ్రీకృష్ణదేవరాయలు ఈ ప్రాంతమునకు వచ్చినపుడు దీపకాంతులతో వెలుగొందు నొక భవనమును దేవాలయమని తలంచి నమస్కరించెనట. అది ఆయి యను వారాంగన యిల్లని తెలిసి కోపించి దానిని పడగొట్ట నాజ్ఞాపించెనట. ఆమె తన యింటిని తానే పడగొట్టించి, ఆ తావున ఊరివారికై చెఱువు త్రవ్వించెనని చెప్పుదురు. ఇది ఐతిహ్యము, మండపము మాత్రము ప్రత్యక్షము. పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నమునందును ఆ మండపమే కానవచ్చును.

నీటి విలువ నింతగా నెఱిగిన పట్టణమున, నీటినుండి ఇంధనమును రాబట్టు విద్యను గూర్చిన ప్రస్తావన సహజముగనే ఆసక్తి గొల్పును. భాషావేత్తల కీ పట్టణమున నింకొక ఆకర్షణము కలదు. పుదుచ్చేరి, కారైకాలు, మాహె, యానాము అను నాలుగు ప్రాంతములు ఒకే పాలనలో నున్నవి. మొదటి రెండింట తమిళము, మాహెలో మలయాళము, యానాములో తెలుగు ప్రజలభాషలు. పుదుచ్చేరి వీధుల పేర్లలో ఫ్రెంచి నేటికిని నిలిచియున్నది. తెలుగువారి కీ పట్టణముతోడి సంబంధము క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రెంచివారికి ద్విభాషిగా నుండి, దినచర్య వ్రాసి ప్రసిద్ధుడైన ఆనందరంగపిళ్ళ పేరనే కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అను లక్షణగ్రంథమును రచించెను. ఇన్ని భాషలు కలిసినచోట ఒక శాస్త్రవిషయమును చెప్పబూనిన, అది ఏ మాటలలో చెప్పబడుచున్నది, ఆ మాటలు సత్యమునే చెప్పుచున్నవా యను ప్రశ్న తప్పక పుట్టును. నీటిని విడదీసి ఉదజనిని పొందుట, దానికై లోహపరమాణువుల చిన్న చిన్న గుచ్ఛములను సాధనముగా గొనుట యను విషయమున నీ ప్రశ్న కెక్కువ ప్రయోజనము కలదు.

ఉదజని శబ్దము

వాడుకలో హైడ్రోజనని పిలువబడు వాయువునకు తెలుగున ఉదజని యని పేరు. 1950 తరువాత పత్రికలలో 'ఉదజని బాంబు' అను మాట తఱచుగా కానవచ్చుటచే ఈ శబ్దము సామాన్యులకును పరిచితమైనది. హిందీలో 'ఉదజన', బెంగాలీలో 'ఉదజాన్' అను రూపములు కలవు. కన్నడము 'జలజనక' మనుచున్నది. ఇవి యన్నియు ఒక ఫ్రెంచి శబ్దమునకు ప్రతిబింబములు.

1766లో ఇంగ్లండునందు హెన్రీ కావెండిషు ఆమ్లములయందు లోహములను వేసినపుడు వెలువడు మండుగాలిని ప్రత్యేక వాయువుగా గుర్తించెను. 1783లో పారిసునందు లవోసియె ఆ వాయువును ప్రాణవాయువుతో కలిపి కాల్చి, నీరు పుట్టుటను చూపెను. నీరు పంచభూతములలో నొకటి గాదనియు, రెండు వాయువుల సమ్మేళనమనియు ఆనాటికి స్థిరపడినది. 1787లో గీతోన్ ద మోర్వో, లవోసియె, బెర్తొలే, ఫూర్‌క్రువా యను నలుగురును కలిసి రసాయనశాస్త్రమునకు క్రొత్త పరిభాషను కల్పించిరి. నీటిని పుట్టించునది కావున మండుగాలికి 'ఇద్రొజెన్' అని పేరిడిరి. ఇది గ్రీకు ధాతువులతో కూర్చిన పేరు. ఆమ్లములను పుట్టించునది యను తలంపుతో ప్రాణవాయువునకు 'ఒక్సిజెన్' అనిరి.

ఇందు రెండవపేరు తప్పుపేరు. ప్రాణవాయువు లేని ఆమ్లములు కలవని 1810లో డేవీ చూపెను. అయినను ఫ్రెంచివారి తప్పు మన 'ఆమ్లజని'లో చెక్కుచెదరక నిలిచినది. తర్జుమా చేయబడిన పారిభాషికపదము మూలమునందలి జ్ఞానమునే గాక పొరపాటును గూడ మోసికొని వచ్చు ననుట కిది మంచి యుదాహరణము.

మొదటిపేరు తప్పు కాదు, కాని సందిగ్ధము. లవోసియె ప్రభృతులకు 'పుట్టించునది' యను నర్థము వివక్షితము. గ్రీకున నీ యుత్తరపదము పెక్కుచోట్ల 'పుట్టినది' యను నర్థమునే ఇచ్చును. డియోజెనీస్ అను పేరునకు జ్యూస్ దేవునివలన పుట్టినవాడని యర్థముగాని, జ్యూస్ దేవుని పుట్టించినవాడని కాదు. సంస్కృతమునందును ఇట్టి సందిగ్ధతయే కలదు. 'జని' యనగా పుట్టుక. ఉదకమునకు జని దేనివలన కలుగునో అది ఉదజని యని యొక విగ్రహము చెప్పవచ్చును. ఉదకమునుండి జని దేనికి కలదో అది ఉదజని యని మఱియొక విగ్రహమును చెప్పవచ్చును. 'జలజము' నీటిని పుట్టించునది కాదు గదా, నీట పుట్టినది. కన్నడపు 'జలజనక'మున కీ రెండవ విగ్రహమునకు తావు లేదు.

ఈ రెండు విగ్రహములును ప్రకృతిలో జరుగు రెండు క్రియలకు సరిగా సరిపోవుచున్నవి. ఉదజని మండి నీరగును. అది మొదటి విగ్రహము. నీరు విడివడి ఉదజని యగును, అది రెండవది. ఇంధనముగా ఉదజనిని వాడుటయనగా మొదటి విగ్రహము. ఆ ఇంధనమును సంపాదించుటయనగా రెండవ విగ్రహము. నేటి పరిశోధనమంతయు రెండవదానిని గూర్చియే.

తెలుగునేల కీ వాయువు చరిత్రలో నొక స్థానము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము కలిగినపుడు ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరునుండి దానిని పరిశీలించెను. సూర్యబింబపు టంచున నెగయు జ్వాలల కాంతిని వర్ణరేఖలుగా విడదీసి చూచి, అవి ముఖ్యముగా ఉదజని వాయురాశులేయని నిర్ణయించెను. సూర్యునందు సమృద్ధిగా నున్న యీ వాయువు భూమిపై స్వేచ్ఛగా లభించుట యరుదు. ఇచ్చట నది ఎక్కువగా నీటిలో బంధింపబడియున్నది. ఆ బంధమును విప్పుటకు మూల్యము చెల్లింపవలెను.

మూల్యము

1800లో నికల్సన్, కార్లైల్ అను నిద్దఱు ఆంగ్లేయులు క్రొత్తగా వచ్చిన వోల్టా విద్యుద్ఘటమునుండి రెండు తీగలను నీటిలో ముంచి, ఒకదానియొద్ద ఉదజనియు, రెండవదానియొద్ద ఆమ్లజనియు వెలువడుట చూచిరి. నేటి కర్మాగారములలో నీటిని విడదీయు యంత్రము లన్నిటికిని ఇదియే మూలము. తొమ్మిది కిలోల నీరు విడివడిన నొక కిలో ఉదజనియు, ఎనిమిది కిలోల ఆమ్లజనియు లభించును. ఆ యొక కిలో ఉదజని పూర్తిగా మండి మరల నీరైనపుడు సుమారు 39.4 యూనిట్ల శక్తి వెలువడును. కావున విడదీయుట కంతకంటె తక్కువ శక్తి చాలదు. ఇది ప్రకృతినియమము. ఎంతటి నేర్పరియు దీనిని తగ్గింపలేడు.

నిజమున కిపుడు వాడుకలోనున్న యంత్రములు కిలో ఒకటికి 50 యూనిట్లు, అంతకు మించియు పుచ్చుకొనుచున్నవి. 39.4 ప్రకృతి విధించిన మూల్యము. అంతకు మించినది దారిలో చెల్లించు సుంకము. విద్యుత్తు ద్రవమును దాటుటయందు కొంత పోవును. అధికభాగము ఉదజని, ఆమ్లజని వెలువడు పలకలయొద్ద క్రియ మందగించుటచే నష్టమగును. ఈ మాంద్యమును పోగొట్టి సుంకమును తగ్గించునది ఉత్ప్రేరకము.

ఒక ఉపమానముతో దీనిని గ్రహింపవచ్చును. రెండు గ్రామముల నడుమ నొక కొండ యున్నది. ఒక గ్రామము పల్లమునను, మఱియొకటి మెరకనున్నవి. కొండ శిఖరము నెక్కి దిగినచో మిక్కిలి శ్రమ. ఎవరో కొండనడుమ నొక కనుమను కనుగొనిరి. ఆ దారిని పోవువారికి శ్రమ తగ్గును, ప్రయాణము శీఘ్రమగును. కాని పల్లపు గ్రామమునకును మెరక గ్రామమునకును గల ఎత్తుల భేదము కనుమవలన వీసమంతయు తగ్గలేదు. ఉత్ప్రేరకము కనుమ వంటిది. అది దారి చూపును, శక్తి నీయదు. అంతేకాదు, కనుమ పోవువారికిని వచ్చువారికిని ఒకటే. 1823లో డోబెరైనర్ అను జర్మను రసాయనవేత్త ప్లాటినపు స్పంజిపై ఉదజనిని ఊదగా నిప్పు తగిలింపకయే యది మండెను. నేడు నీటిని విడదీయుచోట ఉదజని వెలువడు పలకకు పూయునదియు ప్లాటినమే. పైని చెప్పిన రెండు విగ్రహములకును ఉత్ప్రేరకము ఒకటే యన్నమాట.

ఉత్ప్రేరక శబ్దములు

1835లో స్వీడను దేశీయుడైన బెర్జీలియసు ఈ వ్యాపారమునకు గ్రీకునుండి 'కెటాలిసిస్' అని పేరిడెను. సడలించుట, విప్పుట యని దాని యర్థము. భారతీయభాషలు ఆ పేరును తర్జుమా చేయలేదు. ఒక్కొక్కభాష తనదైన చూపుతో క్రొత్తపేరు పెట్టుకొన్నది. తెలుగు, హిందీ, మరాఠీలు 'ఉత్ప్రేరక' మనుచున్నవి. మలయాళము 'ఉల్‌ప్రేరకం' అని దానినే తన యుచ్చారణమునకు తగినట్లు మార్చుకొన్నది. తమిళము 'వినైయూక్కి' యనును. వినై క్రియ, ఊక్కి పురికొల్పునది. బెంగాలీ 'అనుఘటక' మనును. వెంట నుండి ఘటింపజేయునది. కన్నడము 'వేగవర్ధక' మనును, వేగమును పెంచునది.

ఇన్నిటిలో కన్నడశబ్దము అందము తక్కువదైనను తప్పర్థమున కెడమీయదు. ఉత్ప్రేరకము వేగమును పెంచును, అంతే. 'ఉత్ప్రేరక' మనగానే ప్రేరణ నిచ్చునది, త్రోయునది, లోపలి బలమును పైకి తెచ్చునది యను భావము విద్యార్థి మనస్సున మెదలును. తమిళశబ్దమునందును ఆ యపాయము కలదు. తెలుగు వంటయింటినుండి 'తోడు' అను మాటను తీసికొని, పాలు పెరుగగుటను ఉదాహరణముగా చూపు నుపాధ్యాయులును కలరు. కొంచెపు చేమిరి కుండెడు పాలను మార్చును గాన నుపమానము మొదట చక్కగనే తోచును. కాని తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని బ్రతుకును, పెరుగును. ఉత్ప్రేరకము తినదు, పెరుగదు, క్రియాంతమున దాని లెక్కకు లాభము గాని నష్టము గాని యుండదు. సూక్ష్మజీవుల లోపలనుండు ఎంజైములు మాత్రము నిజమైన ఉత్ప్రేరకములే.

ఇది పండితుల శబ్దకలహము కాదు. మాట తప్పుదారి పట్టించినపుడు ప్రజలు నష్టపోవుదురు. 1996లో తమిళనాట నొకరు మూలికలతో నీటిని పెట్రోలుగా మార్చుదునని ప్రకటించిరి. దేశమంతటను పత్రికలు దానిని ప్రచురించినవి, పెక్కుమంది నమ్మిరి. శాస్త్రజ్ఞుల పరీక్షలకు అది నిలువలేదు. 2016లో చెన్నపట్టణపు న్యాయస్థానము ఆ వ్యవహారమును వంచనగా నిర్ణయించి శిక్ష విధించినది. మూలిక ఉత్ప్రేరకమై నీటినుండి శక్తిని లేపు నను తలంపు, ఆ పదమునందలి 'ప్రేరణ' భాగమును వట్టి మాటగా నమ్మినవారికి సుకరముగ పుట్టును. నీరు ఇంధనము కాదు; ఇంధనము మండిపోయిన తరువాత మిగిలినది. ఒకవిధముగా ఉదజనికి నీరు బూడిద. బూడిదను మరల కట్టెగా చేయవలెనన్న, కట్టె మండినపుడు పోయినంత శక్తిని తిరిగి తెచ్చి యీయవలెను. ఆ శక్తి సూర్యునివలననో, గాలివలననో రావలెను. ఇంత మాత్రము తెలిసినవాని నే మూలికయు మోసగింపజాలదు.

లోహమునకును ఉదజనికిని గల పొత్తు

ఉత్ప్రేరకము కనుమను చూపు విధ మెట్టిది? నీటిలోని ఉదజని అయాను లోహపు పలకపైకి వచ్చి, ఒక ఎలక్ట్రానును గ్రహించి, పరమాణువుగా మాఱి యచ్చట నంటుకొనును. అట్టివి రెండు కలిసికొని అణువై వాయురూపమున నెగిరిపోవును. లోహము ఉదజనిని తామరాకు నీటిబొట్టును పట్టినట్లు పట్టినచో పరమాణువు నిలువనే నిలువదు. మిక్కిలి గట్టిగా పట్టినచో నిలిచినది కదలదు, క్రొత్తవానికి చోటుండదు. అంటియు నంటనట్లు పట్టు లోహమే మేలైనది. ఫ్రెంచి రసాయనవేత్త పాల్ సబాత్యె ఈ సూత్రమునకు మూలపురుషుడు. 1912లో నాయనకు నోబెలు బహుమానము లభించినది. ఈ పరీక్షలో బంగారము ఉదజనిని మిక్కిలి వదులుగా పట్టును. ప్లాటినము సరియైన పట్టునకు మిక్కిలి చేరువ. అందుచే ఆమ్లద్రవములలో ఉదజనిని వెలువరించుటకు ప్లాటినమునకు సాటి లేదు.

కాని ప్లాటినము వెలగలది, అరుదైనది. ఆమ్లజని వెలువడు పలక కుపయోగించు ఇరిడియము మఱియు నరుదు. ప్రపంచమంతట నేటేట లభించునది ఏడెనిమిది టన్నులు మాత్రమే. మఱి కావలసిన ఉదజని యెంత? భారతప్రభుత్వము 2023 జనవరిలో ఆమోదించిన జాతీయ హరిత ఉదజని ప్రణాళిక 2030 నాటికి ఏటేట 50 లక్షల టన్నులను లక్ష్యముగా పెట్టుకొన్నది. దానికై 19,744 కోట్ల రూపాయలు నిర్ణయింపబడినవి. విశాఖపట్టణమునకు చేరువనున్న పూడిమడకలో దినమునకు 1500 టన్నుల ఉదజనిని ఉత్పత్తిచేయు సంకల్పముతో 2025 జనవరి 8వ తేదీని శంకుస్థాపన జరిగినది. కిలో ఒకటికి 50 యూనిట్ల చొప్పున లెక్కించిన, అంతటి ఉత్పత్తికి దినమునకు ఏడున్నర కోట్ల యూనిట్లు కావలెను. ఉత్ప్రేరకము మెఱుగై కిలోకు ఒక్క యూనిటు తగ్గినను దినమునకు 15 లక్షల యూనిట్లు మిగులును. చిన్న సుంకము పెద్ద సంతలో పెద్ద మొత్తమగును.

గుచ్ఛములు

లోహము తక్కువగా వాడి పని యెక్కువగా పొందుట యెట్లు? క్రియ జరుగునది లోహపు పైతలమునందు మాత్రమే. లోపలి పరమాణువులు వెలగలవైనను పనిలేనివి. కావున లోహమును ముక్కలు చేయవలెను. ఒక సెంటీమీటరు ఘనముయొక్క పైతలము ఆఱు చదరపు సెంటీమీటర్లు. దానిని ఒక్కొక్క నానోమీటరు, అనగా మీటరులో నూఱుకోట్లవవంతు, భుజముగల చిన్న ఘనములుగా కోసిన మొత్తపు పైతలము ఆఱువేల చదరపు మీటర్లగును. ఇది దాదాపు ఎకరమున్నర నేల. పిడికిట నిమిడిన లోహము పొలమంత పఱచుకొన్నది.

లోహము సూక్ష్మమైన గుణము మాఱునని మొదట ప్రయోగపూర్వకముగా చూపినవాడు ఫారడే. 1857లో నాయన ప్రకటించిన వ్యాసమునందు, నీటిలో తేలియాడు బంగారపు సూక్ష్మరేణువులు కెంపువన్నెను చూపు విధమును వివరించెను. అయినను ఆ రేణువులలో నొక్కొక్కదానియందు వేలకొలది పరమాణువులుండును. ఏ రెండును సరిసమానములు కావు. అంతకంటెను చిన్నవై, ఇన్ని పరమాణువులని వ్రేళ్ళతో లెక్కింపదగినవి గుచ్ఛములు. 'గుచ్ఛము' సంస్కృతము, 'గుత్తి' తెలుగు. ద్రాక్షగుత్తివలె నిందు పరమాణువులు ఒకదాని నొకటి యంటియుండును. 'రేణువు'నకును 'గుచ్ఛము'నకును భేదము పాటించుట యావశ్యకము. రేణువునకు పరిమాణము మాత్రమే చెప్పగలము. గుచ్ఛమునకు పరమాణువుల సంఖ్యయు, వాని యమరికయు చెప్పగలము.

మిక్కిలి పరిచితమైన గుచ్ఛము ఇరువదియైదు బంగారు పరమాణువులది. దాని యాకృతి 2008లో స్ఫటికపరీక్షవలన తేటపడినది. నడుమ నొక పరమాణువు, దానిచుట్టు పండ్రెండు, వానిపై రెండేసి చొప్పున ఆఱు కట్లుగా నింకొక పండ్రెండు. ఒక్కొక్క కట్టునందు మూడు గంధకపు పరమాణువుల చొప్పున మొత్తము పదునెనిమిది గంధకములు తమ కర్బనపు తోకలతో గుచ్ఛమును చుట్టుకొని, ఒక గుచ్ఛము మఱియొకదానితో కలిసిపోకుండ కాపాడును. చందశ్శాస్త్రమున గణములవలె నిందును లెక్క తప్పరాదు. ఇంత చిన్నదైనపుడు బంగారము లోహధర్మమును విడుచును. లోహమునందు ఎలక్ట్రానుల శక్తి యెడతెగని వాలువలె నుండగా, గుచ్ఛమునందు మెట్లుమెట్లుగా నుండును. ఒక మెట్టునకును పైమెట్టునకును నడుమ ఖాళీ యేర్పడును. అనగా నిది లోహపు తునక కాదు, ఒక అణువు.

ఇందువలన కలుగు లాభము 2017లో ప్రకటితమైన యొక పరిశోధనమువలన స్పష్టమైనది. దక్షిణకొరియాలోని యోన్సెయ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ గుచ్ఛముయొక్క నడిమి బంగారు పరమాణువును తీసి, దాని స్థానమున నొక ప్లాటినపు పరమాణువును నిలిపిరి. ఇరువదినాలుగు బంగారము, ఒకటి ప్లాటినము. ఉదజనిని వెలువరించుటలో బంగారపు గుచ్ఛముకంటె నిది మిక్కిలి చుఱుకైనదని తేలినది. గణనములవలన తెలిసిన హేతువు పైని చెప్పిన సూత్రమే. ఒక్క పరమాణువు మాఱినంత ఉదజనితోడి పట్టు అంటియు నంటని మధ్యమస్థితికి వచ్చినది. పద్యమున నొక్క యక్షరము మాఱిన నర్థము మాఱినట్లు, గుచ్ఛమున నొక్క పరమాణువు మాఱిన గుణము మాఱును. ఏ పరమాణువు ఏ పని చేయుచున్నదో వ్రేలుపెట్టి చూపగల స్థితి ఉత్ప్రేరకశాస్త్రమునకు క్రొత్తగా లభించినది. వెనుకటివారు లోహపు పొడులను పోసి ఫలితమును చూచిరి. నేటివారు కారణమును చదువుచున్నారు.

మిగిలిన ప్రశ్నలు

ఇంత మాత్రమున కర్మాగారములలో గుచ్ఛములు నిలిచినవని తలంపరాదు. గుచ్ఛముల దోషములు వాని గుణములతోనే పుట్టినవి. కాపాడు తోకలే నీటికిని లోహమునకును అడ్డుగా నుండును. వానిని తొలగించిన గుచ్ఛములు ఒకదానితో నొకటి కలిసి మరల పెద్దరేణువులగును, లెక్క చెడును. ప్రయోగశాలలో వీనిని చేయునది మిల్లిగ్రాములలో. కర్మాగారమునకు కావలసినది కిలోలలో. ప్రయోగము గంటలతో ముగియును. యంత్రము వేలకొలది గంటలు నడువవలెను. మఱియు నుదజని వెలువడు పలక యొక్క కష్టము కొంత తీఱినను, ఆమ్లజని వెలువడు పలకయొద్ద నాలుగు ఎలక్ట్రానుల వ్యవహారము జరుగవలసియుండుటచే అచ్చటి మాంద్యమే యెక్కువ. ఇనుము, నికెలు, కోబాల్టు, మాలిబ్దినము వంటి సులభలోహములతో పని గడుపుకొను ప్రయత్నములును జరుగుచున్నవి.

పుదుచ్చేరి వంటి తీరపట్టణమున నింకొక ప్రశ్న ముందు నిలుచును. ఎదుట సముద్ర మున్నదిగదా, ఆ నీటినే విడదీయరాదా యని. సముద్రపు నీటిలో ఉప్పు కలదు. విద్యుత్తు ప్రసరించినపుడు ఆమ్లజనితోపాటు ఉప్పులోని క్లోరినును వెలువడి పలకలను తినివేయును. కావున ముందుగా నీటినుండి ఉప్పును తీయవలెను. లేదా ఆమ్లజనిని మాత్రము వెలువరించి క్లోరినును అడ్డగించు ఉత్ప్రేరకమును కనుగొనవలెను. మంచినీటినే వాడుదమన్న, పూడిమడక లెక్క ప్రకారము 1500 టన్నుల ఉదజనికి దినమునకు ఒక కోటి ముప్పదియైదు లక్షల లీటర్ల నీరు క్రియలోనే వ్యయమగును. ఆయి త్రవ్వించిన చెఱువును తలచుకొను పట్టణమున కీ లెక్క యొక హెచ్చరిక. ఊరి దాహము తీర్చు నీరు వేఱు, ఇంధనమునకు వాడదగిన నీరు వేఱు అను భేదమును మొదటనే పాటింపవలెను.

ఈ చదువులు పుదుచ్చేరికి దూరములు కావు. పట్టణమునకు ఉత్తరమున కాలాపేటలో, సముద్రపు టొడ్డున, 1985లో స్థాపితమైన కేంద్రవిశ్వవిద్యాలయమునందు హరితశక్తి సాంకేతికవిద్యకు మదన్‌జీత్ పేర నొక ప్రత్యేకశాఖ కలదు. చెన్నపట్టణపు భారతీయ సాంకేతికవిద్యాసంస్థలో ఆచార్య టి. ప్రదీప్ పరిశోధకవర్గము లోహగుచ్ఛముల రచనలో చిరకాలముగా కృషి చేయుచున్నది. విద్యుద్రసాయనమునకై కారైకుడిలో 1953లో ప్రారంభమైన జాతీయ పరిశోధనాలయ మున్నది. ఈ చోట్ల చదువు విద్యార్థులలో తెలుగువారు, తమిళులు, మలయాళులు కలసి కూర్చుందురు. ప్రయోగశాలలో వారిభాష ఇంగ్లీషు. ఇంటికి వచ్చి తల్లిదండ్రులకు తాము చేయుపని చెప్పవలసినపుడు మాత్రము వారికి తమ భాష కావలెను. ఆ సమయమున భాష వారి కేమి యిచ్చుచున్నది?

పారిభాషికపదములను మాటిమాటికి మార్చుట మేలు కాదు. 'ఆమ్లజని' తప్పని తెలిసియు లోకము విడువలేదు, విడువనక్కఱయు లేదు. 'ఉత్ప్రేరకము' స్థిరపడినది. దానిని తొలగింపనక్కఱలేదు గాని, పాఠ్యగ్రంథమునందు ఆ మాట మొదట వచ్చినచోటనే 'ఇది వేగమును మార్చును, శక్తి నీయదు' అను నొక్క వాక్యమును చేర్చుట యావశ్యకము. కన్నడశబ్దమును ప్రక్కన చూపిన నీ యర్థము సులభముగ తెలియును. ఒక భారతీయభాషలోని లోపమును మఱియొక భారతీయభాష తీర్చుట కిది తగిన తావు. నాలుగు ప్రాంతములలో మూడు ద్రావిడభాషలతో పాలనము నడపు పుదుచ్చేరిలో నిట్టి తులనాత్మక పరిభాషాకోశ మొకటి సిద్ధమైన, అది యానాము బాలునకును మాహె బాలికకును సమానముగ నుపకరించును.

'ఉదజని' విషయమున మార్పే యక్కఱలేదు. ఆ పదమును కూర్చినవారు మొదటి విగ్రహమునే తలంచిరి; కాలము రెండవ విగ్రహమునకు ప్రయోజనము కల్పించినది. నీటిని పుట్టించునదియు నదియే, నీటినుండి పుట్టునదియు నదియే. ఈ రెంటినడుమ నుండు కొండ ఎత్తును తగ్గింప మానవునకు శక్యము కాదు. కనుమను వెదకుట మాత్రమే శక్యము. ఇరువదియైదు పరమాణువుల గుత్తి యట్టి కనుమలలో నొకటి.